ఐదో హిస్సా

అమ్మీ చహల్లుం అయిన మర్నాడు ముగ్గురం దాలాన్‌లో కూర్చున్నాం. భాయ్ రేపల్లె నుంచి, ఆపా బాపట్ల నుంచి, నేను విజయవాడ నుంచి వచ్చాం. ముందురోజు వండిన డేగ్‌చీలు ఆంగన్‌లో ఇంకా కడగకుండానే ఉన్నాయి. మాట భాయే ఎత్తాడు.

"ఇంక ఈ ఇంట్లో ఉండేదెవరు?"

జవాబు ముగ్గురికీ తెలుసు. భాయ్ రేపల్లె దగ్గర రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు, దాని మీద ఖర్జ్ ఉంది. నాది డెస్కు ఉద్యోగం, రాత్రి డ్యూటీలు. ఆపాది బాపట్లలో కిరాయి ఇల్లు. దుల్హాభాయ్ ఇంతెకాల్ అయి ఆరేళ్లు. కుట్టుమిషన్ మీద ఇద్దరాడపిల్లల్ని చదివిస్తోంది. అందరం గుంటూరు జిల్లా వాళ్లమే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చాక వాళ్లిద్దరూ ఆ జిల్లా అయ్యారు, తెనాలిలో ఇల్లు మాత్రం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది.

"అమ్మేద్దాం" అన్నాడు భాయ్.

"సరే గానీ, దలాల్ వద్దు" అన్నాను నేను. ఆ మజ్లిస్‌లో నేను చేసిన సాయం అదొక్కటే. చాలా తెలివైన మాట అన్నానని కూడా అనుకున్నాను.

ఆపా ఏమీ అనలేదు. దుపట్టా కొంగుతో గచ్చు మీద పడ్డ చాయ్ చుక్క తుడిచింది.

ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. దాంతో నాకో జబ్బు పట్టుకుంది. మాట చెవిన పడితే దాని వేరు తవ్వకుండా ఉండలేను. దలాల్ అరబీ మాట. 'దల్ల' అంటే దారి చూపించడం. వాదనలో మనం చూపించే దలీల్ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. దారి చూపించేవాడు తెలుగులోకి వచ్చేసరికి దళారి అయ్యాడు, తిట్టు అయ్యాడు. ధాన్యం సీజన్ వచ్చిందంటే 'దళారుల దోపిడీ' అని నేనే ఎన్ని హెడ్డింగులు పెట్టానో లెక్కలేదు. అలాంటివాణ్ణి నా ఇంటి దహ్లీజ్ ఎలా తొక్కనిస్తాను?

ఇల్లు 4 సెంట్లలో ఉంది, అంటే 193 గజాల చిల్లర. అబ్బా 1981లో కొన్నాడు. అప్పుడు పెంకుటిల్లు, తర్వాత ముందు రెండు గదులకి స్లాబు వేశాడు. మా వైపు దలాల్‌లు మామూలుగా అడిగేది అటు ఒక శాతం, ఇటు ఒక శాతం. రెండు అడిగేవాళ్లూ ఉన్నారు. ఇల్లు 40 లక్షలకి పోయినా 40 వేలు. తాళం తీసి గదులు చూపించినందుకు 40 వేలా? ఆ తాళం నేను తీయలేనా?

ముందు కాగితాలు తీశాను. ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందని రెండు ముక్కలు చెబుతాను. ఈసీ 1983 నుంచీ కంప్యూటర్లో వస్తుంది. అంతకు ముందుది కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. మాది 1981 దస్తావేజు కాబట్టి రెండు రోజులు తిరిగాను. ఇంటి పన్ను ఇంకా అబ్బా పేరునే ఉంది. అబ్బా, అమ్మీ ఇద్దరి డెత్ సర్టిఫికెట్లు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇవన్నీ దలాల్ లేకుండా ఎవరైనా చేసుకోగలిగినవే. ఓపిక ఉంటే చాలు.

తర్వాత గోడ మీద రాయించాను: 'ఇల్లు అమ్మబడును. మధ్యవర్తులు క్షమించాలి.' కింద నా నంబరు. క్లాసిఫైడ్స్‌లో ఈ వాక్యాన్ని కొన్ని వందలసార్లు ప్రూఫు చూసి ఉంటాను. దాని అర్థం గోడ మీదికి ఎక్కాకే తెలిసింది. మొదటి వారంలో 23 ఫోన్లు వచ్చాయి. 19 మధ్యవర్తులవే. ఒకాయన "మేం మధ్యవర్తులం కాదు సార్, పార్టీ మా బావమరిది" అన్నాడు. రెండోరోజు ఆ బావమరిదే ఫోన్ చేసి కమిషన్ ఎంతిస్తారని అడిగాడు. మిగిలిన నలుగురిలో ఒకాయనకి అద్దెకి కావాలట. ఒకావిడ రేటు విని పెట్టేసింది. ఇంకొకరు బాగానే మాట్లాడి, చివర్లో నా పేరడిగి, "ఓహో, అది మీవాళ్ల ఏరియానా, మళ్లీ చేస్తా" అన్నారు. నాలుగోవారు నిజంగానే వచ్చారు. ఆంగన్‌లో నిలబడి జామచెట్టు చూసి, కాయలు బాగున్నాయని నాలుగు కోయించుకుని వెళ్లారు.

పేరడగడం నాకు కొత్త కాదు. విజయవాడలో కిరాయి ఇల్లు వెతికినప్పుడు దలాల్ కిరాయి ఎంతో చెప్పకముందే పేరు అడిగేవాడు. సాయంత్రానికి ఫోన్ వచ్చేది: "ఓనర్ గారి చుట్టాలు వస్తున్నారంట సార్." అలా ఏడు ఇళ్లకి చుట్టాలు వచ్చారు. ఓనర్‌కి నా మొహం మీద లేదనడానికి లిహాజ్. అందుకే ఆ మాట అనడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. దలాల్ అంటే నోరు అద్దెకిచ్చేవాడని అప్పుడే అనుకున్నాను. తిట్టులాగే అనుకున్నాను.

ఈలోపు భాయ్ తొందరకి ఒక ఆఫీసుకి కూడా వెళ్లి చూశాం. ఏసీ గది, గోడ నిండా లేఅవుట్ మ్యాపులు. అమరావతి పేరు చెప్పి రేట్లు ఎలా లేచాయో, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటనతో ఎలా పడ్డాయో, 2024 ఎన్నికల తర్వాత మళ్లీ ఎలా లేస్తున్నాయో ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ వార్తలన్నీ నేను పేజీల్లో పెట్టినవే. చివరికి అసలు మాట చెప్పాడు: "మీకు నెట్ 32. పైన ఎంతకి పోతే అది మాది. ఒక పవర్ రాసివ్వండి, మిగతాది మేం చూసుకుంటాం."

నెట్ రేటుకి ఒప్పుకున్న రోజున దలాల్ మన మనిషి కాకుండా పోతాడు. మన ఇంటిని మన దగ్గర తక్కువకి తీసుకుని ఎక్కువకి అమ్మే బేపారి అవుతాడు. ఇక పవర్ సంగతి. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011 అక్టోబర్‌లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పేసింది. అయినా మన ఊళ్లలో పవర్ అన్న మాట తగ్గలేదు. రెరా చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. 2016 నాటి ఆ చట్టం ఏజెంట్లు రిజిస్టర్ కావాలన్నది రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మకాల కోసం. గల్లీలో పాత ఇల్లు అమ్మిపెట్టే మనిషికి ఆ షరతు లేదు. బయటికొచ్చి భాయ్‌తో అన్నాను: "చూశావా? నేను ముందే చెప్పాను."

అంత గర్వంతో ఇంటికొచ్చిన సాయంత్రమే పక్కింటి బడేభాయ్ చాయ్‌కి పిలిచాడు.

మా చిచ్చా కొడుకు కాదు గానీ అంతకంటే ఎక్కువ. రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. అబ్బా మయ్యత్‌కి డోలా ముందు కొమ్ము పట్టింది వాళ్ల వాలిద్. అమ్మీకి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆటో తెచ్చింది బడేభాయే. నేను విజయవాడలో పేజీలు వదులుతూ ఫోన్లో "కైసా హై అబ్?" అని అడిగేవాణ్ణి. ఇల్లు అమ్మితే ముందు పక్కింటికి చెప్పాలని అబ్బా అంటుండేవాడు. చాయ్ తాగుతూ ఆ మాటే గుర్తుచేశాడు బడేభాయ్. "34 ఇస్తా, తమ్ముడూ. గోడ తీసేసి పిల్లలకి ఒక గది వేసుకుంటా."

బజారు రేటు అంతకంటే ఎక్కువని నాకు తెలుసు. ఎంత ఎక్కువో మాత్రం తెలియదు. ఆ మనిషి మొహం చూసి గజం లెక్క ఎలా మాట్లాడను? ఆటో రాత్రులన్నీ కళ్లముందు తిరిగాయి. "35 చేయండి" అన్నాను. ఆయన వెంటనే లేచి నన్ను కౌగిలించుకున్నాడు. అప్పుడైనా అనుమానం రావాలి. బయానా లేదు, అగ్రిమెంటు లేదు. జబాన్ ఇచ్చాను, అంతే.

రాత్రి ఆపాకి ఫోన్ చేశాను. "కిత్నేకు బాత్ కరే?" అంది. చెప్పాను. కమిషన్ 35 వేలు మిగిలిందని కూడా చెప్పాను.

చాలాసేపు మిషన్ చప్పుడు వినపడింది. కుడుతూనే ఉంది. తర్వాత ఆగింది.

"పక్కింటికి ముందు చెప్పాలన్నావు. మంచిదే. నాకు ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"ఇప్పుడు చెబుతున్నా కదా ఆపా."

"ఇచ్చేశాక చెబుతున్నావు."

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. వేరు తవ్వే జబ్బు ఆ రాత్రి నా మీదికే తిరిగింది. అబ్బా చెప్పిన పక్కింటి మాటకి ఫిఖ్‌లో పేరు షుఫా. అమ్మే జాయ్‌దాద్ బయటివాళ్లకి పోకముందు దగ్గరివాళ్లకి ఉండే హక్కు. మన హనఫీ ఫిఖ్ దాన్ని పొరుగువారి దాకా ఇచ్చింది. కానీ వరసలో పొరుగువాడు చివర. మొదట ఆ జాయ్‌దాద్‌లో షరీక్ అయినవాళ్లు, అంటే హిస్సా ఉన్నవాళ్లు. తర్వాత దారీ నీళ్లలో భాగం ఉన్నవాళ్లు. ఆ తర్వాతే గోడ పక్కవాళ్లు. నేను చివరి మెట్టు మీద ఉన్న మనిషికి ముందు చెప్పి, మొదటి మెట్టు మీదున్న తోబుట్టువుకి చివర్లో చెప్పాను. మన ప్రాంతంలో కోర్టుకి వెళితే షుఫా నిలవదు, అది వేరే సంగతి. మద్రాసు హైకోర్టు 1870లోనే ఈ హక్కును ఒప్పుకోలేదు. 1937 షరియత్ చట్టంలో రాసిన విషయాల్లోనూ ఇది లేదు. ఆపా నన్ను కోర్టు భాషలో అడగలేదు కదా.

ఇంకో మాట కూడా తగిలింది, ఫుజూలీ. ఉర్దూలో ఫుజూల్ అంటే వృథా అని అందరికీ తెలుసు. ఫిఖ్‌లో ఫుజూలీ అంటే వకాలత్ లేకుండా ఇంకొకరి సొత్తు అమ్మేసేవాడు. అతను చేసిన బేరం సొత్తుగలవాళ్లు రిజామంది ఇచ్చేదాకా మౌఖూఫ్, గాలిలో వేలాడుతూ ఉంటుంది. అబ్బా తర్కాలో అమ్మీకి ఎనిమిదో వంతు. అమ్మీ పోయాక అదీ మా ముగ్గురికే. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. మొత్తం ఐదు హిస్సాలు. అందులో రెండింటి మీదే నాకు నోరుంది. మిగతా మూడింటి విషయంలో ఆ సాయంత్రం చాయ్ తాగింది ఒక ఫుజూలీ.

మర్నాడు భాయ్‌కి చెబితే వాడు ఇంకా తేలిక దారి చూపించాడు. "ఆపాకి పెళ్లిలో జహేజ్ ఇచ్చాంగా? ఒక విడుదల కాగితం రాయించుకుందాం. ఏ చెల్లెలు, ఏ అక్క పుట్టింట్లో హిస్సా తీసుకుంటుంది మన ఖాందాన్‌లో?" జహేజ్ ఇస్తే విరాసత్ తీరిపోదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు తల ఎత్తకుండా అన్నాడు. నేను వెంటనే కాదనలేదు. వాడి ఖర్జ్ నాకు తెలుసు మరి. ఇది రాయకుండా వదిలేయవచ్చు, కానీ అప్పుడీ రాతకి అర్థం లేదు.

మేస్త్రి గారు వచ్చింది ఆ వారంలోనే. ఒకప్పుడు తాపీమేస్త్రి, మోకాళ్లు పోయాక ఇళ్ల బేరాలు చేస్తున్నాడు. మా స్లాబు వేసిన రోజుల్లో కూలీగా పనిచేశానన్నాడు. గోడ మీద రాత చూసి "క్షమించాలన్నారు గదా సాయిబు గారూ, క్షమించేశాను, లోపలికి రానా?" అన్నాడు. నవ్వొచ్చింది. రానిచ్చాను.

ఆయన గదులు చూడలేదు. ముందు గోడ చూశాడు, తర్వాత కాలవ వైపు మురుగు చూశాడు, తర్వాత కాగితాలడిగాడు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీద వేలు పెట్టి, "ఈ అమ్మ ఏమంటోంది?" అన్నాడు.

భాయ్ విడుదల సంగతి చెప్పాడు.

"ఆవిడ ఇష్టంగా ఇస్తే ఇవ్వనీయండి. నేను మాత్రం ఆవిడ్ని అడక్కుండా పార్టీకి కాగితం చూపించను. నాకు మీ మతం లెక్కలు తెలీదు గానీ, బ్యాంకు వకీలు మొదట అడిగేది ఆడపిల్లల సంతకాల గురించే. రేపు బేరం ఆగితే నా తిరుగుడు దండగ."

ధర్మం గురించి కాదు, తన తిరుగుడు గురించి అన్నాడు. అయినా నేను అనవలసిన మాట ఆయన అన్నాడు. భాయ్ మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

జబాన్ సంగతి కూడా చెప్పాను. మేస్త్రి గారు బీడీ ఆర్పి, జామచెట్టు కింద కూర్చుని వేళ్ల మీద లెక్క వేశాడు. "35 అంటే ఆ అమ్మకి 7. నేను 44కి తగ్గకుండా తెస్తాను. అప్పుడు 8 లక్షల 80 వేలు. మొహమాటం మంచిదే సాయిబు గారూ. అయితే మీ వాటాలోంచి పడండి. ఆవిడ వాటాలోంచి మీరెందుకు మొహమాట పడతారు?"

ఆ లెక్క నేను వేసుకోలేదు. 44 లక్షల మీద ఒక శాతం కమిషన్ 44 వేలు. అందులో ఆపా హిస్సాకి పడేది 8,800. ఆ 8,800 మిగల్చడానికి నేను ఆమెవి లక్షా ఎనభై వేలు ఇచ్చి వచ్చాను. ఇచ్చేటప్పుడు నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, నేనెంత మంచివాణ్ణో అనుకుని. మురవ్వత్‌కి కూడా ఖరీదు ఉంటుంది. అది ఎవరి జేబులోంచి పోతోందో చూసుకోలేదు.

మేస్త్రి గారు పది రోజుల్లో పార్టీని తెచ్చాడు. మనవాళ్లే, పిల్లల చదువులకని పల్లె నుంచి తెనాలి మారుతున్న కుటుంబం. 44 లక్షల 50 వేలకి తేలింది. ఇక బడేభాయ్ దగ్గరికి వెళ్లాలి. అది దలాల్‌తో చేయించే పని కాదు. నేనే వెళ్లాను.

"నా రెండు హిస్సాలు మాట ఇచ్చిన రేటుకే ఇస్తాను. భాయ్‌వీ ఆపావీ మూడు హిస్సాలు బజారు రేటుకి తీసుకోండి. మొత్తం 40 లక్షల పైచిలుకు అవుతుంది. తీసుకుంటానంటే ఆ పార్టీకి రేపే లేదని చెబుతా" అన్నాను. లెక్క కాగితం మీద రాసుకెళ్లాను, నోరు పెగలదేమోనని.

ఆయన కాగితం చూడలేదు. "40 ఎక్కడివి నా దగ్గర" అన్నాడు. కాసేపాగి, "మీ అబ్బా ఉంటే ఇలా అయ్యేదా?" అన్నాడు. భాభీ చాయ్ తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వెనక్కి తీసుకెళ్లిపోయింది.

ఆయన కాదన్నప్పుడు నా గుండె తేలికపడింది. దాదాపు మూడున్నర లక్షలు మిగిలాయని. ఆ తేలిక గుర్తొస్తే ఇప్పటికీ షర్మిందాగా ఉంటుంది.

మేస్త్రి గారిని వలీ అనుకోకండి. మా గల్లీలో వానాకాలం మురుగు పొంగితే వెనక గదిలోకి చీలమండ లోతు నీళ్లొస్తాయి. "ఆ సంగతి ఎత్తకండి, ఇప్పుడు ఎండలు గదా, పొడిగా ఉంది" అన్నాడు. మామూలుగా చూస్తే కనిపించని లోపాన్ని అమ్మేవాడు చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనే అంటుంది. ఐబ్ దాచి అమ్మిన సరుకులో బర్కత్ ఉండదని మనకి మదర్సాలోనే చెప్పారు. అయినా నేను ఆపా వైపు చూశాను, ఈసారి అడిగి చేద్దామని. "చెప్పేయ్. వాళ్ల పిల్లలూ ఆ నీళ్లలోనే నడుస్తారు" అంది. చెప్పాం. 50 వేలు తగ్గించారు. మేస్త్రి గారు నుదురు కొట్టుకున్నాడు, "మీతో నాకు 500 నష్టం" అన్నాడు. లెక్క కరెక్టే.

మిగతా పనంతా ఆయనే చేశాడు. ఉమ్మడి గోడ ఎవరిదెంతో పక్కింటివాళ్లు ఒప్పుకుంటే గానీ కొనేవాళ్లు కదలమన్నారు. నేను ఆ గుమ్మం ఎక్కలేను. మేస్త్రి గారు మూడుసార్లు వెళ్లాడు. మొదటిసారి తలుపు తీయలేదట. రెండోసారి అరగంట నన్ను తిడుతుంటే విన్నాడట. మూడోసారి టేపు పట్టుకుని బడేభాయ్‌తోనే కొలిపించి, కాగితం మీద దస్తఖత్ తెచ్చాడు. ఏమేం తిట్టాడో చెప్పమంటే, "అవి నా కమిషన్‌లో కలిసి ఉంటాయి లెండి" అన్నాడు. విజయవాడలో నాకు లేదని చెప్పినవాడి నోరూ, ఇక్కడ నా బదులు తిట్లు తిన్న ఈ నోరూ ఒకే జాతివి. ఈసారి అద్దెకి తీసుకున్నది నేను.

డబ్బు దగ్గర భాయ్‌కి ఇంకొక ఆలోచన వచ్చింది. దస్తావేజు ప్రభుత్వ విలువకి రాయించి పైది నగదుగా తీసుకుందామని. కొనేవాళ్లకీ ఆశ పుట్టింది. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం వాళ్లు కట్టుకోవాలి కదా. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా. నేనీ సెక్షన్ చెబుతుంటే ఆపా మధ్యలో అడిగింది: "నగదు ఎవరి చేతికి వస్తుంది? నాకా, మీకా?" ఆ ప్రశ్నకి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేస్త్రి గారు పార్టీతో "మూడు డీడీలు, మూడు పేర్లమీద" అని తేల్చేశాడు. వాళ్లకి బ్యాంకు లోను కూడా ఉంది కాబట్టి ఒప్పుకున్నారు.

రిజిస్ట్రేషన్ రోజు ఆపా బాపట్ల నుంచి పొద్దున రైలుకే వచ్చింది. అమ్మీ పాత నల్ల బురఖా వేసుకుంది. భాయ్ రేపల్లె ప్యాసింజర్‌లో దిగాడు. నా వేలు పడింది, భాయ్ వేలు పడింది. ఆపా వేలు మిషన్ తీసుకోలేదు. సూదీ దారంతో అరిగిపోయిన వేళ్లు. తడి గుడ్డతో తుడిచారు, ఇంకో వేలు పెట్టమన్నారు, మళ్లీ తుడిచారు. వెనక జనం విసుక్కుంటున్నారు. "పర్వాలేదులే, తర్వాత చూద్దాం" అని ఎవరో అంటే, "తర్వాత లేదు" అంది ఆపా. ఎనిమిదోసారి ఎడమచేతి ఉంగరం వేలు పడింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. ఆమె ఆ వేలు వైపు కాసేపు చూసుకుంది.

బయట చెట్టు కింద మేస్త్రి గారికి లెక్క ఇవ్వాలి. "ఆపాది కూడా నేనే ఇస్తాను" అన్నాను.

"ఎందుకు?" అంది. సంచిలోంచి రుమాలు మూట తీసి 8,800 లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది.

"బాపట్లలో మీకు తెలిసినవాళ్లున్నారా మేస్త్రి గారూ? ఒక గది, వంటిల్లు, కుళాయి ఉంటే చాలు. పిల్లల కాలేజీకి నడిచిపోయేంత దూరంలో."

"ఉన్నాడమ్మా ఒకడు. కానీ వాడితో మీరు నేరుగా మాట్లాడకండి. నేను మాట్లాడతా."

"మీరే మాట్లాడండి. రేటు మాత్రం నాకు చెప్పండి, తమ్ముడికి కాదు" అంది.

స్టేషన్ దాకా దిగబెట్టాను. దారిలో మా గల్లీ మొదలు వచ్చింది. బడేభాయ్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆపా ఆటో ఆపించి దిగి, వెళ్లి సలాం చేసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో భాభీ ఇచ్చిన సేమియా పొట్లం ఉంది. బడేభాయ్ ఆటో వైపు చూడలేదు.